కోరింగ మడ అడవిలో మొదటి ఏడాది: మొక్కల పర్యావరణ ల్యాబ్‌లో చేరితే ఉండే పని

ఎమ్మెస్సీ బోటనీ చేసి, మొక్కల పర్యావరణం మీద పనిచేసే విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో చేరాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది సీటు గురించే. ఆ సంగతి చిన్నది కాబట్టి ముందే చెప్పేస్తాను. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి ఏపీ ఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంటర్వ్యూకి వెళ్లడం ఒక దారి. సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోవడం ఇంకో దారి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000. మూడోది, ఏదైనా ప్రాజెక్టులో సహాయకులుగా చేరి ఆరు నెలలో ఏడాదో పనిచేసి, పని నచ్చితే అప్పుడు పీహెచ్‌డీకి రాయడం. నేను మూడో దారిలో వచ్చాను, ఎవరడిగినా అదే చెబుతాను. మోకాలి లోతు బురదలో మూడు నాలుగు గంటలు నిలబడి చెట్ల చుట్టుకొలతలు రాసుకోవడం మనకు పడుతుందా లేదా అన్నది పరీక్ష రాస్తే తేలేది కాదు.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్సువర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు మించి ఉండకూడదు. అందుకని ల్యాబ్ ఎంత మంచిదైనా అందులో ఖాళీ ఉందో లేదో ముందు కనుక్కోవాలి. మెయిల్ రాసేటప్పుడు "నాకు పర్యావరణమంటే చాలా ఇష్టం" అనే వాక్యం వల్ల ఉపయోగం లేదు. ఆ ల్యాబ్ నుంచి ఇటీవల వచ్చిన రెండు మూడు పేపర్లు చదివి, వాటిలో ఒక పటమో పట్టికో తీసుకుని, అందులో మనకు అర్థం కాని విషయం ఒకటి అడగాలి. మనకు వచ్చిన పని ఏదైనా ఉంటే ఒక వాక్యంలో రాయాలి: హెర్బేరియం షీట్లు (ఎండబెట్టి అతికించిన మొక్కల నమూనాలు) చేశాను, టైట్రేషన్ చేయగలను, ఈత వచ్చు, బైకు నడుపుతాను. చివరి రెండూ చదువుకు సంబంధం లేనివిగా కనిపిస్తాయి గానీ డెల్టాలో పనిచేసే ల్యాబ్‌కి వాటి విలువ తెలుసు.

మనం అడగాల్సినవీ ఉన్నాయి. పడవ ఖర్చు ఎవరిది? ఫెలోషిప్ నెల నెలా వస్తుందా, ఆరు నెలలకోసారి వస్తుందా? పాత విద్యార్థుల డేటా చూడనిస్తారా? పేపరు మీద పేర్ల వరస ఎలా నిర్ణయిస్తారు? వీటిని సార్‌నో మేడంనో అడగడానికి మొహమాటమైతే, ల్యాబ్‌లో మూడో ఏడాదిలో ఉన్న అక్కనో అన్ననో పట్టుకుని టీ కొట్టు దగ్గర అడగండి. ఇవేవీ అడగకుండా చేరిపోయి ఏడాది తరవాత బాధపడేవాళ్లే ఎక్కువ.

ఇక అసలు పని. గోదావరి ధవళేశ్వరం ఆనకట్ట దాటి పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దక్షిణాన, తాళ్లరేవు దగ్గర కోరింగ వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం అంటే ఊరికే పడవెక్కి వెళ్లి కొలుచుకు రావడానికి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద శాస్త్రీయ అధ్యయనానికి ప్రవేశ అనుమతి తీసుకోవాలి, అది ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. దరఖాస్తులో ఏ కాలవల పక్కన, ఏ నెలల్లో, ఎంతమంది, ఏం తీసుకెళ్తాం, ఏం తెస్తాం అన్నది రాయాలి. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే: "మొక్కల నమూనాలు" అని రాసి వదిలేస్తారు. ఏ జాతి, ఎన్ని కొమ్మలు, ఎన్ని గ్రాముల ఆకులు, ఎన్ని మట్టి కోర్లు (గొట్టంతో నిలువుగా తీసే మట్టి దిమ్మలు) అని అంకెల్లో రాయకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది, లేదా అనుమతి వచ్చినా చెక్‌పోస్టు దగ్గర మట్టి సంచులు ఆగిపోతాయి. చెట్టుకు మేకు కొట్టి ట్యాగు తగిలించాలన్నా అది కూడా రాయాల్సిందే. అనుమతి రావడానికి నెలలు పట్టొచ్చు. చేరిన మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టేసి, కోర్సువర్క్ ఆ వ్యవధిలో చేసుకోవడం తెలివైన పని.

అనుమతి చేతికొచ్చాక ల్యాబ్ గోడ మీద వేలాడేది రెండు కాగితాలు. ఒకటి కాకినాడ పోర్టు పోటు పాట్ల పట్టిక, రెండోది తెలుగు క్యాలెండరు. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు: పోటుకి నీళ్లు ఎక్కుతాయి, పాటుకి తీస్తాయి. ఒక పోటుకీ తరవాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఇవాళ పాటు ఉదయం తొమ్మిదింటికైతే రేపు పదికి కాస్త ముందు. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ తీస్తాయి. అష్టమి, నవమికి ఆ తేడా తగ్గుతుంది. కాలవ అంచున, పల్లంలో ఉన్న ప్లాట్లు, అంటే చెట్లు కొలవడానికి గుర్తుపెట్టుకున్న చదరాలు, కొలవాలంటే అమావాస్య, పౌర్ణమి రోజుల పాటే మంచిది, అప్పుడే అక్కడ నేల బాగా బయటపడుతుంది. లోపల మెరక మీద ఉన్న ప్లాట్లకు అష్టమి, నవమి చాలు, ఆ రోజుల్లో పోటు అక్కడిదాకా ఎక్కదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నెలలో పనిచేసే రోజులు దాదాపు రెట్టింపవుతాయి.

పట్టికలో ఉన్న సమయం పోర్టుది. నీళ్లు లోపలి కాలవల్లోకి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, ఎంత ఆలస్యమన్నది ప్రతి కాలవకీ వేరు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒడ్డున ఒక వెదురు కర్ర పాతి, పది సెంటీమీటర్లకో గీత పెట్టి, పావుగంటకోసారి నీటిమట్టం రాసుకుంటే ఆ కాలవ తేడా దొరికిపోతుంది. అమావాస్య పాటుకి చిన్న కాలవల్లో పడవ బురద మీద కూర్చుండిపోతుంది. తిరిగి పోటు వచ్చేదాకా కదలదు. పడవ నడిపే బాబాయి "పావుగంటలో బయల్దేరకపోతే పడవ నేల పట్టేస్తుందండీ" అంటే కొలిచే చెట్టు సగంలో ఉన్నా వదిలేసి ఎక్కడమే. పాటుకి రెండు గంటల ముందు దిగి, పాటయ్యాక గంటన్నరకి తేలడం మా లెక్క. ఈ మూడున్నర గంటల్లో కొత్తవాళ్ల జట్టు రెండు ప్లాట్లు చేస్తే గొప్ప. పుష్య మాసం చివర చొల్లంగి అమావాస్య రోజు మాత్రం పని పెట్టుకోవద్దు. పాటు బాగుంటుంది నిజమే, కానీ సంగమ స్నానానికి వచ్చే జనంతో దారీ పడవా రెండూ దొరకవు.

సామాన్లు. 50 మీటర్ల ఫైబర్‌గ్లాస్ టేపు ఒకటి. దర్జీ గుడ్డ టేపు వద్దు, తడిస్తే సాగుతుంది. చుట్టుకొలతకు రెండు చిన్న టేపులు, ఎందుకంటే ఒకటి బురదలో పోతుంది. 10 మీటర్ల నైలాన్ తాళ్లు నాలుగు, మూలలకు పీవీసీ గొట్టాలు నాలుగు, దిక్సూచి, జీపీఎస్, నీటిలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు, జిప్ సంచులు, రబ్బరు బ్యాండ్లు. రాయడానికి పెన్సిలే. పెన్ను సిరా ఉప్పునీటికి చెదిరిపోతుంది, మార్కర్ గీత స్పిరిట్ తగిలితే పోతుంది. నమూనా సంచికి రెండు చీటీలు: ఒకటి బయట, ఒకటి లోపల. బయటిది ఊడిపోయిన రోజున లోపలిది ఆదుకుంటుంది. కాళ్లకు గమ్‌బూట్లు వేసుకుంటే బురద వాటిని పట్టేసి కాలు మాత్రమే బయటికొస్తుంది. చీలమండ దాకా తాడు బిగించుకునే కాన్వాసు బూట్లు నయం. ఉత్తి కాళ్లతో దిగొద్దు, మడ చెట్టు ఊపిరి వేళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి, వాటి చుట్టూ నత్తగుల్లల పెంకులు కోస్తాయి. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు. చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి చుక్క ఉండదు.

ప్లాటు వేయడం. మడ అడవిలో నీటి అంచు నుంచి లోపలికి పోయేకొద్దీ చెట్లు మారతాయి కాబట్టి కాలవకు అడ్డంగా ఒక గీత వేసుకుని, ఆ గీత వెంట నిర్ణీత దూరాల్లో 10 మీటర్ల చదరాలు వేస్తాం. చెట్లకు ఈ 10×10, దాని లోపల గున్న మొక్కలకు 5×5, మొలకలకు 1×1. చదరం నాలుగు వైపులా 10 మీటర్లు ఉన్నంత మాత్రాన అది చదరం కాదు, పక్కకు వాలి ఉండొచ్చు. మూల నుంచి మూలకు కొలిస్తే 14.14 మీటర్లు రావాలి, రెండు వైపులా. 14.5 ఒకవైపు, 13.8 ఇంకోవైపు వస్తే మూల గొట్టం జరపాలి. ఆ రెండు నిమిషాలు ఆదా చేసుకుంటే హెక్టారుకు ఇన్ని చెట్లని మనం రాసే ప్రతి అంకె తప్పవుతుంది. తాడు దారిలో ఉన్న చెట్టును ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. మొదలు మధ్యభాగం లోపలుంటే లోపలిది, బయటుంటే బయటిది. సరిగ్గా గీత మీద ఉంటే రెండు వైపుల చెట్లను కలుపుకుని, ఎదురు రెండు వైపులవి వదిలేస్తాం. ఏ రెండు వైపులన్నది ప్రతి ప్లాటుకీ ఒకటే.

గీత వేసే ముందు ఆ చోటు చరిత్ర కనుక్కోవాలి. కోరింగలో చాలా చోట్ల పాత రోజుల్లో నరికేసిన అడవి మధ్యలో నేల పళ్లెంలా కుంగి, లోపలికి వచ్చిన పోటు నీళ్లు బయటికి పోక, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుపోయింది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్లవాళ్లు కలిసి అలాంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీళ్లు పోయి వచ్చేలా చేసి మొక్కలు నాటారు. ఇప్పుడు అక్కడ చెట్లు ఎదిగి ఉన్నాయి, చూపుకి సహజమైన అడవిలాగే ఉంటాయి. వరసలుగా, ఒకే లావున ఉన్న చెట్లు కనిపిస్తే అనుమానించాలి. మన గీత సగం నాటిన అడవిలో, సగం సహజమైన అడవిలో పడితే, చెట్టు లావు మారడానికి ఉప్పే కారణమని రాసేస్తాం, నిజానికి కారణం వయసు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు సంవత్సరాలు అడగకండి. "96 తుపానుకి ముందు ఇక్కడ చెట్లున్నాయా తాతయ్యా?" అని అడిగితే ఖచ్చితంగా చెబుతారు. 1996 నవంబరు 6 ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు.

ఇప్పుడు చుట్టుకొలత. పని మొత్తంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కొలవాలి. దానికి 1.3 మీటర్ల కర్ర ఒకటి కోసుకుని చెట్టు పక్కన నిలబెడతాం. మెత్తటి బురదలో ఆ కర్ర పది సెంటీమీటర్లు దిగిపోతుంది, అప్పుడు కొలత 1.2 దగ్గర పడుతుంది. కర్ర అడుగున అరచేయంత ప్లైవుడ్ ముక్క కొడితే దిగదు. చెట్టు వాలి ఉంటే ఎత్తును నిట్టనిలువుగా కాకుండా చెట్టు వెంబడి కొలవాలి, టేపు కాండానికి అడ్డంగా ఉండాలి. 1.3 కంటే కింద రెండుగా చీలితే రెండు కాండాలూ వేరువేరుగా రాయాలి, కానీ చెట్టు సంఖ్య ఒకటే: 14అ, 14ఆ అని. రెండు చెట్లుగా లెక్కపెడితే చెట్ల సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. తెల్ల మడ మొదట్లోంచే గుబురుగా చీలే చెట్టు కాబట్టి ఈ తప్పు ప్లాటుకు ఐదారు సార్లు జరగొచ్చు. సరిగ్గా 1.3 దగ్గర బుడిపె ఉంటే దాని కింద నున్నటి చోట కొలిచి, ఏ ఎత్తున కొలిచామో రాయాలి.

ఉప్పు పొన్నకి, అంటే రైజోఫోరాకి, నియమం వేరు. దాని ఊత వేళ్లు మనిషి ఎత్తు దాకా ఉంటాయి, 1.3 మీటర్ల దగ్గర అసలు కాండమే ఉండదు. అందుకని అన్నిటికంటే పైనున్న ఊత వేరు దాటాక 30 సెంటీమీటర్ల పైన కొలుస్తాం. కోరింగలో మడ, తిల్ల చెట్లే ఎక్కువ, పొన్న తక్కువ. అందుకే అది ఎదురైనప్పుడు అలవాటు కొద్దీ 1.3 దగ్గరే టేపు చుట్టేస్తారు.

టేపు ఇచ్చేది చుట్టుకొలత. బరువు లెక్కగట్టే సూత్రాలు అడిగేది వ్యాసం. చుట్టుకొలతను 3.1416తో భాగించాలి. చెప్పడానికి ఇంత తేలికైన విషయంలో పొరపాటు చేస్తే ఎంత నష్టమో లెక్కేసి చూపిస్తాను. మడ అడవి జాతులన్నిటికీ వాడే సూత్రం 2005లో కొమియామా బృందం ఇచ్చింది: నేల పైనున్న భాగం బరువు, కిలోల్లో, 0.251 ఇంటూ కలప సాంద్రత ఇంటూ వ్యాసం 2.46వ ఘాతం. చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లయితే వ్యాసం 10. పదికి 2.46వ ఘాతం 288. కలప సాంద్రత 0.65 అనుకుంటే బరువు సుమారు 47 కిలోలు. వ్యాసం ఉండాల్సిన చోట 31.4 వేస్తే? దాదాపు 785 కిలోలు, అంటే పదహారు రెట్లకు పైన. ఘాతం ఉండడం వల్ల మూడు రెట్ల తప్పు పదహారు రెట్లయింది. అందుకే ఫీల్డు కాగితం మీద గడి పైన "చుట్టుకొలత, సెం.మీ." అని పూర్తిగా రాయాలి. "సైజు" అని రాసిన కాగితాలు నేను చూశాను, వాటిలో ఏ అంకె ఏదో చెప్పగలిగినవాళ్లు ల్యాబ్‌లో లేరు.

చెట్లను గుర్తుపట్టడం. స్థానిక పేరు, శాస్త్రీయ నామం రెండూ రాయాలి, ఎందుకంటే పడవ బాబాయి చెప్పే పేరు ఊరు మారితే మారుతుంది. అవిసీనియా మెరీనా తెల్ల మడ, అవిసీనియా అఫిసినాలిస్ నల్ల మడ. నల్ల మడ ఆకు పెద్దది, కొన గుండ్రన. పువ్వు తెల్ల మడ పువ్వు కంటే బాగా పెద్దది. పువ్వూ కాయా లేని చెట్టు మీద తొందరపడి తేల్చేయకండి, "అవిసీనియా, జాతి తెలియదు" అని రాసి కొమ్మ తీసుకోండి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. తప్పు పేరు రాస్తే తరవాత దాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. గుగ్గిలం, అంటే ఏజిసెరాస్ కార్నిక్యులాటం, కొమ్ములా వంగిన కాయలతో తేలిగ్గా దొరుకుతుంది. దాని ఆకు మీదా మడ ఆకు మీదా ఎండపూట ఉప్పు పలుకులు మెరుస్తాయి. ఆ రెండూ ఉప్పును ఆకుల గ్రంథుల ద్వారా బయటికి తోస్తాయి, పొన్న మాత్రం వేరు దగ్గరే ఉప్పును చాలావరకు ఆపేస్తుంది. కలింగ, అంటే సోనరేషియా అపెటాలా, కాలవ అంచున వేలాడే సన్నటి కొమ్మలతో దూరం నుంచే తెలుస్తుంది.

తిల్ల చెట్టు, ఎక్సోకేరియా అగలోకా, గురించి విడిగా చెప్పాలి. ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే విపరీతమైన మంట, తాత్కాలికంగా చూపు పోవచ్చు; చర్మం మీద బొబ్బలొస్తాయి. మేం తిల్ల కొలిచేటప్పుడు కళ్లద్దాలు, చేతికి తొడుగులు వేసుకుంటాం. తిల్ల ముట్టుకున్న చేత్తో చెమట తుడుచుకోవద్దు. కంట్లో పడితే నలపకుండా మంచినీళ్లతో పావుగంట కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ మూడు లీటర్ల నీళ్లలో ఒక లీటరు తిరిగొచ్చేదాకా మూత తీయకుండా ఉంచేది ఇందుకే.

ఉప్పు కొలత. రిఫ్రాక్టోమీటరులో ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా చూపిస్తోందో లేదో చూడాలి, ప్రతి రోజూ. కాలవ నీళ్లు కొలిస్తే సరిపోదు, వేరు తాగేది మట్టిలోని నీళ్లు. 30 సెంటీమీటర్ల గుంట తవ్వి, మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసి, మళ్లీ ఊరినవి కొలవాలి. మొదటి నీళ్లలో పైనుంచి జారిన కాలవ నీరు కలిసి ఉంటుంది. ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు పాయల్లో నీళ్లు దాదాపు మంచినీళ్లే, మే నెలలో నది సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా సముద్రపు 35కి (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) చేరువవుతాయి. ఒక్క సీజన్‌లో కొలిచి "ఇక్కడ ఉప్పు ఇంత" అని రాయడం ఈ డెల్టాలో కుదరదు. కనీసం మే నెలలో ఒకసారి, వరద తీశాక నవంబరు, డిసెంబరుల్లో ఒకసారి కొలవాలి.

మట్టి. సగం గొట్టంలా ఉండే ఆగర్‌తో మీటరు లోతు కోరు తీసి, 0–15, 15–30, 30–50, 50–100 సెంటీమీటర్లుగా విడగొట్టి, ఒక్కోదాని మధ్య నుంచి 5 సెంటీమీటర్ల ముక్క తీసుకుంటాం. దాని ఘనపరిమాణం కావాలి, అప్పుడే సాంద్రత వస్తుంది. ఆగర్ వ్యాసం 5 సెంటీమీటర్లయితే పూర్తి గొట్టానికి 98 ఘన సెంటీమీటర్లు, సగం గొట్టానికి 49. సగం చేయడం మర్చిపోతే మట్టి సాంద్రత సగమవుతుంది, దాంతో హెక్టారుకు లెక్కేసే కర్బనం కూడా సగమవుతుంది. ముక్కను 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టాలి. బంకమట్టి ముక్క ఒక రాత్రిలో ఆరదు. మూడు రోజుల తరవాత కూడా బరువు తగ్గుతూనే ఉండొచ్చు.

పీహెచ్ మాత్రం తడిమట్టి మీద, అదే రోజు చూడాలి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే నల్లటి బురదలో గంధకం ఇనుముతో కలిసి పైరైటు రూపంలో ఉంటుంది. సంచిలో ఆరి గాలి తగిలితే అది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి పీహెచ్ పడిపోతుంది. వారం తరవాత కొలిచి మడ నేల ఆమ్లనేల అని రాస్తే, అది మన సంచి లోపలి సంగతి అవుతుంది గానీ అడవిది కాదు.

కర్బనానికి వాక్లీ–బ్లాక్ పద్ధతి: ఆరబెట్టి జల్లించిన మట్టి అర గ్రాము, ఒక నార్మల్ పొటాషియం డైక్రోమేటు 10 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ., అరగంట ఆగి, 200 మి.లీ. నీళ్లు, ఫాస్ఫారిక్ ఆమ్లం 10 మి.లీ., డైఫినైలమీన్ సూచిక, తరవాత అర నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటుతో టైట్రేషన్. నీలి ఊదా రంగు ఒక్క చుక్కతో మెరిసే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆమ్లం పోసిన వెంటనే పచ్చగా మారితే డైక్రోమేటు అయిపోయినట్టు, మట్టి తగ్గించి మళ్లీ చేయాలి. పొలం మట్టికి బాగా పనిచేసే ఈ పద్ధతి మడ మట్టి దగ్గర మోసం చేస్తుంది, ఉప్పులోని క్లోరైడు కూడా డైక్రోమేటును తినేసి కర్బనం ఎక్కువ చూపిస్తుంది. అందుకు ఆమ్లంలో సిల్వర్ సల్ఫేటు కలుపుతారు. ఈ పద్ధతి మొత్తం కర్బనంలో సుమారు 77 శాతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. గుణించామా లేదా అన్నది నోటుబుక్‌లో రాయాలి, లేకపోతే ఆరు నెలల తరవాత మళ్లీ గుణిస్తాం. డైక్రోమేటు క్యాన్సర్ తెచ్చే రసాయనం. వాడినదాన్ని సింకులో పోయకుండా సీసాలో పట్టి ఉంచాలి.

సాయంత్రం ఎంత అలసిపోయినా ఫీల్డు కాగితాలకు ఫోటో తీసి, అదే రాత్రి కంప్యూటర్‌లో ఎక్కించాలి. గజిబిజిగా రాసిన అంకె 1 అయితే 7లా ఉండొచ్చు, ఆ రాత్రికి గుర్తుంటుంది, వారానికి ఉండదు. ఎక్సెల్‌లో ప్లాటు పేరు 3-5 అని కొడితే అది మే 3నో మార్చి 5నో అయి కూర్చుంటుంది. ముందు ఒక అక్షరం పెట్టుకోండి. ఒకే చెట్టు పేరు రెండు రకాల స్పెల్లింగులతో ఉంటే ఆర్ సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు జాతులుగా లెక్కేసి వైవిధ్యం పెంచేస్తుంది. ప్రాధాన్య సూచిక (ఒక్కో జాతి సాంద్రత, వ్యాప్తి, మొదళ్ల విస్తీర్ణం శాతాల్లో కలిపిన అంకె) కడితే ఒక అడవిలోని అన్ని జాతుల మొత్తం 300 రావాలి, రాకపోతే ఎక్కడో ఒక వరస జారింది. జీపీఎస్ తప్పు ఇంకా చిత్రమైనది. 16 డిగ్రీల 45 నిమిషాలు అంటే 16.75. దాన్ని 16.45 అని రాస్తే చెట్టు 33 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి బంగాళాఖాతంలో పడుతుంది. ప్రతి ఫీల్డు రోజు తరవాత బిందువులను పటం మీద పెట్టి చూడటానికి పది నిమిషాలు చాలు.

ఏడాది తరవాత అవే చెట్లను మళ్లీ కొలిచేటప్పుడు కొన్నిటి చుట్టుకొలత తగ్గినట్టు వస్తుంది. చెట్టు చిక్కిపోదు, బెరడు కాస్త ఊడొచ్చు. చాలాసార్లు కారణం మనం వేరే ఎత్తున కొలవడమే. ఒండ్రు మేటేసి నేల పెరిగినా 1.3 మీటర్ల గీత పైకి జరుగుతుంది. అందుకని మొదటి ఏడాదే కొలిచిన చోట పెయింటుతో సన్నటి గీత పెట్టి, రెండోసారి కర్ర తీయకుండా ఆ గీత మీదే కొలుస్తాం. అల్యూమినియం ట్యాగు మేకు గీతకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మేకు చుట్టూ చెట్టు ఉబ్బుతుంది, అది కొలతలోకి వస్తే ఎదుగుదల ఎక్కువ చూపిస్తుంది. ట్యాగుకీ బెరడుకీ మధ్య వేలెడు జాగా వదలకపోతే మూడో ఏటికి చెట్టు ట్యాగును మింగేస్తుంది.

చెట్ల కింద జీపీఎస్ ఐదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అంటే మన ప్లాటంత దూరం. అందుకే ప్రతి ప్లాటుకీ నోటుబుక్‌లో మాటల్లో దారి రాసి పెడతాం: కాలవ రెండో మలుపు, ఎడమ ఒడ్డు, వంగిన కలింగ చెట్టు దగ్గర దిగి 120 డిగ్రీల దిక్కున 40 మీటర్లు, మొదటి గొట్టం 3వ నంబరు మడ పక్కన. కిందటి నవంబరులో కొత్తగా చేరిన అమ్మాయికి ఆ పేజీ ఒక్కటే ఇచ్చి, పక్కన ఎవరూ చెప్పకుండా పంపాం. నాలుగు గొట్టాల్లో మూడు దొరికాయి. నాలుగోది వరదకి పోయింది. మిగిలిన మూడిటిలో పక్క రెండిటి నుంచి 10 మీటర్లు, ఎదురు మూల నుంచి 14.14 మీటర్లు కొలుచుకుని ఆ మూల తనే మళ్లీ పాతుకుని వచ్చింది.